కేటె కొల్విట్స్: రాగిరేకు మీద ఒక తల్లి

1907లో బెర్లిన్ నుంచి ఒక చిత్రకారిణి ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి వెళ్లింది. ఆమెకి అప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. వెంట పదకొండేళ్ల చిన్నకొడుకు. అక్కడ విల్లా రొమానా అనే పెద్ద ఇంట్లో ఉండటానికి చోటు, పని చేసుకోవటానికి స్టూడియో, ఖర్చులకి కొంత డబ్బు, అన్నీ బహుమతిగా ఇచ్చారు. నెలల తరబడి ఉండి తిరిగొచ్చింది. ఆ స్టూడియోలో మాత్రం చెప్పుకోదగ్గ పనేమీ చెయ్యలేదు.

నాకు ఈవిడ మీద ఆసక్తి పుట్టిందే ఈ సంగతి దగ్గర. ఇవాళ ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటే మనకి తెలిసిన మాటే. ఒక దేశపు కళాకారులు ఇంకో దేశానికి వెళ్లి కొన్నాళ్లు ఉంటారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. మన చెన్నైలో చోళమండలం చూసినవాళ్లకి కళాకారులు ఒకచోట చేరి బతకటమనేది కొత్తేమీ కాదు, కాకపోతే అది 1966లో కళాకారులే సొంత డబ్బుతో స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు. రెసిడెన్సీలో ఎవరో పిలుస్తారు, ఎవరో ఖర్చు పెట్టుకుంటారు. అందుకే వెళ్లొచ్చిన వాళ్లని అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఏం చేసుకొచ్చావు అని. కేటె కొల్విట్స్‌ని ఆ ప్రశ్న అడిగితే చూపించటానికి చేతిలో ఏమీ లేదు. అయినా విల్లా రొమానాకి వెళ్లిన వాళ్లలో ప్రపంచం బాగా గుర్తు పెట్టుకున్న పేర్లలో ఆమెది ఒకటి.

ఆమె 1867 జులై 8న కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టింది. అప్పుడది జర్మన్ల ఊరు, ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కూడా మారి కాలినిన్‌గ్రాడ్ అయింది. తండ్రి కార్ల్ ష్మిట్ లా చదివాడు. కానీ తన రాజకీయ అభిప్రాయాలు పెట్టుకుని ప్రభుత్వ కొలువులో ఇమడలేనని తెలుసుకుని తాపీపని నేర్చుకున్నాడు, ఇళ్లు కట్టించే మేస్త్రీ అయ్యాడు. తల్లివైపు తాత ఒక పాస్టరు. ప్రభుత్వ చర్చితో పడక బయటికొచ్చి సొంతంగా ఒక సంఘం పెట్టాడు. అంటే నమ్మినదాని కోసం ఉన్న ఉద్యోగం వదులుకోవటం ఆ ఇంట్లో వింత కాదు. పన్నెండు పద్నాలుగేళ్ల వయసులోనే కూతురి చేతిలో కళ ఉందని తండ్రి కనిపెట్టి, రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే ఒకాయన దగ్గర డ్రాయింగ్ నేర్పించాడు.

తర్వాత బెర్లిన్, మ్యూనిక్. రెండు చోట్లా ఆడవాళ్లకి విడిగా పెట్టిన కళాశాలల్లోనే చదివింది, ఎందుకంటే అప్పటికి బెర్లిన్ అకాడమీ తలుపులు ఆడపిల్లలకి తెరవలేదు. విమెన్స్ కాలేజీలో చదువుతున్నాం గనక మనకి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మనకి కో-ఎడ్ కాలేజీ కూడా ఉంది, కావాలని ఇక్కడికి వచ్చాం. వాళ్లకి ఇంకో దారి లేదు. బెర్లిన్‌లో ఆమె గురువు స్టౌఫర్ బెర్న్ ఆమె గీసినవి చూసి, మాక్స్ క్లింగర్ అనే ఆయన అచ్చుబొమ్మలు చూడమన్నాడు. అవి చూశాక, క్లింగర్ రాసిన పుస్తకం కూడా చదివాక, రంగులు తన దారి కాదని ఆమెకి అర్థమైంది. ఈ క్లింగర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

1891లో డాక్టర్ కార్ల్ కొల్విట్స్‌ని పెళ్లి చేసుకుంది. పెళ్లితో కూతురి కళ ఆగిపోతుందని తండ్రికి బెంగ. ఆ భయం అర్థం లేనిదేం కాదు, ఎంతమంది విషయంలో నిజం కాలేదు గనక! కార్ల్ బెర్లిన్‌లో పనివాళ్లు ఉండే పేటలో డాక్టరు. కుట్టుపని వాళ్ల ఆరోగ్య బీమా సంఘం తరఫున వైద్యం చేసేవాడు. ఇల్లూ క్లినిక్కూ ఒకే భవనంలో. ఆ మెట్ల మీద వచ్చే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు, వాళ్ల వాచిన చేతులు ఆమె బొమ్మల్లోకి ఎక్కారు. మొదట్లో జాలితో కాదు, వాళ్లు అందంగా కనిపించి గీసిందట. కష్టం సంగతి తర్వాత తెలిసింది. ఈ మాట నాకు నిజాయితీగా అనిపించింది. 1892లో హన్స్ పుట్టాడు, 1896లో పీటర్.

1893లో బెర్లిన్‌లో హౌప్ట్‌మన్ రాసిన నేతగాళ్లు అనే నాటకం చూసింది. 1844లో సైలీషియాలో చేనేతవాళ్లు కూలి చాలక, తిండి లేక తిరగబడిన కథ అది. అప్పటిదాకా చేస్తున్న పని పక్కన పెట్టి, నాలుగేళ్లకి పైగా ఈ కథ మీదే కూర్చుంది. మొత్తం ఆరు బొమ్మలు. అన్నీ ఎచింగ్‌లో చేద్దామనుకుంది. అంటే రాగిరేకు మీద మైనం పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో పెడితే గీసిన చోట రేకు తినుకుపోతుంది, ఆ గాట్లలో సిరా నింపి అచ్చు తీస్తారు. చెయ్యి ఇంకా తిరగలేదు గనక మొదటి మూడూ రాతి మీద గీసి అచ్చు తీసే లితోగ్రాఫ్‌లో చేసి, తర్వాతి మూడూ ఎచింగ్‌లో చేసింది.

మొదటి బొమ్మ గురించి నేను కొంచెం ఎక్కువ చెప్పాలి. చీకటి గది. జబ్బుపడ్డ పిల్లాడు మంచం మీద. తల్లి రెండు చేతులతో తల పట్టుకుని వంగిపోయి ఉంది. వెనకాల మగ్గం. మా తాత సేలంలో మగ్గం నేసినవాడు. మా ఇంట్లో అమ్మతో తమిళం, నాయనతో తెలుగు. కానీ మగ్గం మాటలు మాత్రం, పడుగు, పేక, నాడె, అన్నీ తెలుగులోనే ఉండిపోయాయి, అమ్మ కూడా అవే అంటుంది. మా అవ్వ చెప్పేది, మగ్గం ఉన్న గదిలో మనుషులకి మిగిలేది మూలలే అని. గుంట తవ్వి మగ్గం దింపాక పడుకోవటం, వండుకోవటం, పిల్లల్ని కనటం అంతా దాని చుట్టే. ఈ జర్మన్ ఆవిడ గీసిన గదిలోనూ అంతే, మగ్గమే ఇంటి యజమాని, మనుషులు అద్దెకున్నట్టు ఉంటారు. ఆఖరి బొమ్మలో చనిపోయిన నేతగాళ్లని అదే మగ్గం ఉన్న గదిలోకి మోసుకొస్తుంటారు. మన తెలుగు నేతవాళ్లు తమిళనాట ఎన్ని ఊళ్లలో ఉన్నారో మీకు తెలుసు. ఈ బొమ్మల ఫోటోలు మా నాయనకి చూపిస్తే, ఆయన మనుషుల్ని చూడకుండా ముందు మగ్గం కట్టు ఎలా ఉందని చూశాడు.

ఆ ఆరు బొమ్మల్ని తండ్రి డెబ్బయ్యో పుట్టినరోజుకి అంకితం ఇచ్చింది. ఆయన చూసి సంతోషపడ్డాడు, కానీ అందరి ముందూ ప్రదర్శన జరిగేలోపు పోయాడు. 1898లో బెర్లిన్ మహాప్రదర్శనలో పెట్టినప్పుడు పెద్ద చిత్రకారుడు మెంజెల్ స్వయంగా బంగారు పతకం ఇవ్వాలని చెప్పాడు. చక్రవర్తి రెండో విల్హెల్మ్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడు డ్రెస్డెన్‌లో పతకం వచ్చింది. రాణిగారితో కూడా ఒకసారి అయింది. 1906లో ఇళ్లలో కూర్చుని కూలికి పనిచేసే వాళ్ల గురించి ఒక ప్రదర్శన పెట్టారు, దానికి పోస్టరు కొల్విట్స్‌ది. అందులో ఒక అలిసిపోయిన ఆడమనిషి ముఖం తప్ప ఏమీ లేదు. ఆ పోస్టరు ఉంటే నేను రానని చక్రవర్తి భార్య పట్టుబట్టింది. అలిసిన ముఖానికి అంత భయం!

అదే 1906లో విల్లా రొమానా బహుమతి వచ్చింది. ఆ ఇల్లు అంతకు ఏడాది ముందే, 1905లో కొన్నారు. కొనటంలో ముందు నిలబడింది ఎవరనుకుంటున్నారు? మాక్స్ క్లింగర్. ప్రభుత్వ అకాడమీల దయ మీద ఆధారపడకుండా, జర్మన్ కళాకారులు ఇటలీలో స్వేచ్ఛగా కొన్నాళ్లు ఉండాలని ఆయన ఆలోచన. విద్యార్థినిగా ఎవరి బొమ్మలు చూసి ఆమె దారి ఎంచుకుందో, ఇరవై ఏళ్ల తర్వాత ఆయన పెట్టిన ఇంటికే అతిథిగా వెళ్లింది.

ఊరికే వెళ్లటం ఆమెకి మొదటిసారి కాదు. 1904లో ప్యారిస్‌లో రెండు నెలలు ఉంది. అక్కడ అకాడమీ జూలియన్‌లో మట్టితో శిల్పం చెయ్యటం మొదటినుంచి నేర్చుకుంది, రోడాన్ స్టూడియోకి వెళ్లి చూసింది. అప్పటికే పేరున్న మనిషి, ముప్పై ఆరేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి, క్లాసులో కూర్చుని ఓనమాలు దిద్దింది. ఈ రెండు నెలలు ఎంత పనికొచ్చాయో ముందు ముందు తెలుస్తుంది.

ఫ్లోరెన్స్‌లో మాత్రం నేర్చుకునే బడి లేదు. మ్యూజియాలు, చర్చిలు, గోడల నిండా పాత చిత్రాలు. చూసింది. తిరిగింది. స్టాన్ హార్డింగ్ అనే ఇంగ్లీషు స్నేహితురాలితో కలిసి ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కి నడిచి వెళ్లింది. బండెక్కలేదు, నడక! మ్యాపులో చూస్తే రెండు వందల కిలోమీటర్లకి పైనే. ఇద్దరు ఆడవాళ్లు, 1907లో, పల్లెల మధ్య దారుల్లో. (ఈ స్టాన్ హార్డింగ్ కూడా మామూలు మనిషి కాదు. తర్వాత విలేకరి అయి, 1920లో రష్యాలో జైలు పాలైంది. ఆమె గురించి ఎవరైనా రాస్తే చదవాలనుంది.) పెళ్లయి పదహారేళ్లు, ఇల్లు, క్లినిక్, పిల్లలు, రేకులు, ఆసిడ్. వాటన్నిటి నుంచి ఆమెకి దొరికిన విరామం అది. అక్కడ ఏమీ చెయ్యకపోవటాన్ని నేను తప్పుగా చూడలేను. మన ఇళ్లలో అమ్మలకి పని లేని ఒక వారం దొరకటం ఎంత కష్టమో మనకి తెలుసు గదా.

ఇంకో సంగతి. ఆమె అప్పుడు రైతుల యుద్ధం అనే ఏడు బొమ్మల వరుస మీద ఉంది. 1525 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటు కథ. అందులో ఆరో బొమ్మ 1907 నాటిదే. యుద్ధం అయిపోయిన రాత్రి, పొలం నిండా శవాలు, ఒక ముసలి తల్లి లాంతరు పట్టుకుని కొడుకు కోసం వెతుకుతోంది. లాంతరు వెలుగు ఆమె చేతి మీద, ఒక కుర్రాడి ముఖం మీద మాత్రమే పడుతుంది. మిగతా అంతా నలుపు. అంతకు ముందు 1903లో చనిపోయిన బిడ్డని గుండెకి అదుముకున్న తల్లి బొమ్మ కూడా చేసింది. దానికి అద్దం ముందు కూర్చుని, ఏడేళ్ల పీటర్‌ని ఒళ్లో పెట్టుకుని తననే చూసి గీసుకుంది. ఆ పీటరే ఫ్లోరెన్స్‌కి వెంట వచ్చిన పిల్లాడు.

1914లో యుద్ధం మొదలైనప్పుడు పీటర్ స్నేహితులతో నార్వేలో తిరుగుతున్నాడు. పరుగున తిరిగొచ్చి సైన్యంలో చేరతానన్నాడు. పద్దెనిమిదేళ్లు, మైనరు, తండ్రి సంతకం కావాలి. కార్ల్ వద్దన్నాడు. అప్పుడు పీటర్ తల్లి వైపు చూశాడు. ఆమె లేచి భర్తని బతిమాలింది, కొడుకుని వెళ్లనివ్వమని.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్లలో టూరుకి పర్మిషన్ కావాలంటే నాన్నని నేరుగా అడుగుతామా? అమ్మ చేత అడిగిస్తాం. అమ్మ మన తరఫున మాట్లాడుతుంది, ఎందుకంటే మన ముఖంలో ఆశ ఆవిడకే ముందు కనిపిస్తుంది. ఆవిడా అంతే చేసింది. కార్ల్ ఒప్పుకున్నాడు. అక్టోబరులో పీటర్ బెర్లిన్ నుంచి బయల్దేరాడు. ఆ నెల 22వ తేదీ రాత్రి బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో చనిపోయాడు. ఇల్లు విడిచి పది రోజులు కూడా సరిగ్గా కాలేదు. పదేళ్లకి పైగా ఆమె గీస్తూ వచ్చిన తల్లి ఇప్పుడు ఆమే అయింది.

ఆ డిసెంబరులోనే అతనికి ఒక స్మారకం చెయ్యాలనుకుంది. మొదట అనుకున్నది, పడుకున్న పీటర్, తల దగ్గర తండ్రి, కాళ్ల దగ్గర తల్లి. ఏళ్ల తరబడి చేసింది, నచ్చక 1919లో ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టింది. ప్యారిస్‌లో ముప్పై ఆరేళ్ల వయసులో నేర్చుకున్న ఆ మట్టిపని ఇక్కడ అక్కరకొచ్చింది. చివరికి పీటర్‌ని తీసేసింది. తల్లి, తండ్రి, ఇద్దరే. మోకాళ్ల మీద, విడివిడిగా. తండ్రి చేతులు ముడుచుకుని నిటారుగా ముందుకి చూస్తాడు, తల్లి పూర్తిగా వంగిపోయి ఉంటుంది. ఒకరినొకరు పట్టుకోరు, ముఖాలు ఆమెవీ కార్ల్‌వీ. గ్రానైట్‌లో చెక్కించి 1932లో బెల్జియంలో పీటర్‌ని పాతిపెట్టిన శ్మశానంలో నిలబెట్టారు. కొడుకు పోయిన పద్దెనిమిదో ఏడు అది. అతను బతికినన్ని ఏళ్లు పట్టింది ఆ పనికి. తర్వాత సమాధుల్ని వ్లాడ్‌స్లో అనే చోటికి మార్చినప్పుడు ఆ విగ్రహాలూ వెళ్లాయి, ఇప్పుడక్కడే ఉన్నాయి.

ఈ మధ్య కాలంలో ఆమె ఊరుకోలేదు. 1919లో ప్రష్యన్ కళా అకాడమీ సభ్యురాలిగా ఎన్నుకున్నారు, ప్రొఫెసర్ బిరుదుతో సహా. ఆడవాళ్లలో ఆమే మొదలు. విద్యార్థినుల్ని ఆ అకాడమీ బడిలోకి రానిచ్చింది కూడా ఆ ఏడాదే. 1920ల మొదట్లో యుద్ధం పేరుతో ఏడు వుడ్‌కట్‌లు చేసింది. చెక్కని చెక్కి అచ్చు తీసే పద్ధతి, ఎచింగ్‌లోలా సన్నని గీతలుండవు, నలుపూ తెలుపూ అంతే. అందులో స్వచ్ఛంద సైనికుల బొమ్మలో మృత్యువు డప్పు కొడుతూ ముందు నడుస్తుంది, దాని పక్కనే ఉన్న కుర్రాడు పీటర్. ఆ కుర్రాళ్లని ఆమె వెర్రివాళ్లుగా గీయలేదు. తాను సరే అన్న మాటకి సంజాయిషీ కూడా గీయలేదు. 1924లో యువకుల సభకి యుద్ధం ఇక వద్దని చెయ్యెత్తి అరిచే కుర్రాడి పోస్టరు వేసింది. అది బహుశా మీరూ ఎక్కడో చూసే ఉంటారు.

ఆమె తిరిగిన దేశాలకంటే ఆమె బొమ్మలు ఎక్కువ తిరిగాయి. రచయిత లూ షున్ 1931లో చైనాలో ఆమె వుడ్‌కట్ ఒకటి పత్రికలో వేయించాడు, ప్రభుత్వం చంపేసిన తన స్నేహితుడైన యువ రచయిత గుర్తుగా. 1936లో షాంఘైలో ఆమె బొమ్మల పుస్తకమే అచ్చు వేయించాడు. చైనా కుర్రాళ్లు చెక్క, ఉలి పట్టుకుని అవి చూసి నేర్చుకున్నారు. మన దేశంలో బెంగాల్ కరువుని గీసిన సోమనాథ్ హోర్ మీదా ఆమె ముద్ర ఉంది. అచ్చుబొమ్మలో ఉన్న సుఖం అదే, కాగితం తేలిక, వీసా అక్కర్లేదు.

1933లో హిట్లర్ వచ్చాడు. నాజీలకి వ్యతిరేకంగా పార్టీలు కలవాలన్న విజ్ఞప్తి మీద సంతకం చేసినందుకు అకాడమీ నుంచి తప్పుకునేలా చేశారు. 1936లో గెస్టాపో ఇంటికొచ్చి క్యాంపుకి పంపిస్తామని బెదిరించింది. బొమ్మలు ప్రదర్శనల్లోంచి తీసేశారు. దేశం వదిలి వెళ్లలేదు. 1940లో కార్ల్ పోయాడు. పెద్దకొడుకు హన్స్ తన కొడుక్కి తమ్ముడి పేరే పెట్టుకున్నాడు, పీటర్ అని. ఆ రెండో పీటర్ 1942లో రష్యా వైపు యుద్ధంలో చనిపోయాడు. ఆమె చేసిన ఆఖరి లితోగ్రాఫ్‌లో ఒక ముసలి తల్లి రెండు చేతులూ చాపి పిల్లల్ని కొంగు కింద దాచుకుంటుంది. (కొంగు అని నేనే అంటున్నా, అది కోటు.) కింద ఒక పిల్లాడు తల బయటపెట్టి తొంగి చూస్తుంటాడు, వెళ్లిపోవాలనే సరదా వాడి కళ్లలో కనిపిస్తుంది. అదే నన్ను కలవరపెట్టింది.

1943లో బాంబులకి భయపడి బెర్లిన్ వదిలింది. ఆ నవంబరులో యాభై ఏళ్లు బతికిన ఇల్లు బాంబు పడి కూలిపోయింది, ఎన్నో బొమ్మలు, అచ్చులు పోయాయి. మరుసటి ఏడు శాక్సనీ రాకుమారుడొకాయన డ్రెస్డెన్ దగ్గర మోరిట్స్‌బర్గ్‌లో ఆమెకి ఉండటానికి చోటిచ్చాడు. మళ్లీ ఒకరిచ్చిన ఇంట్లో అతిథి. ఈసారి వెంట కొడుకు లేడు. 1945 ఏప్రిల్ 22న అక్కడే కన్నుమూసింది. ఇంకో పదహారు రోజులకి జర్మనీ లొంగిపోయింది. అస్థికలు తర్వాత బెర్లిన్‌కి తెచ్చి, ఫ్రీడ్రిక్స్‌ఫెల్డె శ్మశానంలో కార్ల్ పక్కన ఉంచారు. ఆ కుటుంబ సమాధి మీద ఒక కంచు ఫలకం ఉంది. పెద్ద చేతులు రెండు, వాటి మధ్య నిద్రపోతున్న ఒక ముఖం. బొమ్మలు ప్రదర్శించే వీలు లేని ఆ 1930లలో, ఆమె తన చేత్తోనే చేసి పెట్టుకున్నది.